పెర్ల్ హార్బర్ ఒక్కటే చూసి వచ్చేయకండి: హోనోలులు ఇయోలానీ ప్యాలెస్ టూర్ రివ్యూ

హవాయి వెళ్లే మనవాళ్ల ప్లాన్ దాదాపు ఒకేలా ఉంటుంది. వైకీకీ బీచ్, డైమండ్ హెడ్ ఎక్కడం, నార్త్ షోర్ డ్రైవ్, దారిలో పైనాపిల్ ఐస్‌క్రీమ్, ఒక పూట పెర్ల్ హార్బర్. ఫ్రెండ్స్ పంపించే ఎక్సెల్ షీట్లలో ఇయోలానీ ప్యాలెస్ అడుగున ఎక్కడో "టైముంటే" అని ఉంటుంది, చాలావాటిలో అదీ ఉండదు. ఆ షీట్‌లో దాన్ని పై వరసకి తెమ్మని చెప్పడానికే ఇది రాస్తున్నాను. పెర్ల్ హార్బర్ మానేయమని కాదు, తప్పకుండా చూడండి. కానీ అక్కడ చెప్పేది 1941 డిసెంబర్ 7న జపాన్ చేసిన దాడి కథ. అమెరికా తీరానికి రెండు వేల మైళ్లకు పైగా దూరంలో, పసిఫిక్ మధ్యలో, ఒకప్పుడు వేరే దేశంగా ఉన్న దీవుల్లోకి అమెరికా నౌకాదళం అసలు ఎలా వచ్చి కూర్చుంది, ఎవరిని గద్దె దించి కూర్చుంది అనే కథ మాత్రం డౌన్‌టౌన్‌లో సౌత్ కింగ్ స్ట్రీట్ మీదున్న ఈ మేడలో ఉంది. అది తెలియకుండా పెర్ల్ హార్బర్ చూస్తే సినిమా ఇంటర్వెల్ తర్వాత హాల్లోకి వెళ్లినట్టే.

ముందు పనికొచ్చే సంగతులు చెప్పేస్తాను. వైకీకీ నుంచి ట్రాఫిక్ లేకపోతే కారులో పావుగంట, ఇరవై నిమిషాలు. టికెట్లు ప్యాలెస్ గుమ్మం దగ్గర ఇవ్వరు. అదే ఆవరణలో చిన్న కోటలా కనిపించే రాతి కట్టడం ఒకటి ఉంది, ఒకప్పుడు రాజుగారి కాపలా సైనికులు ఉన్న బ్యారక్స్, అక్కడికి వెళ్లాలి. గైడెడ్ టూర్, ఆడియో టూర్ రెండూ ఉన్నాయి. గైడ్‌తో వెళ్లేదానికి డబ్బు కాస్త ఎక్కువ, స్లాట్లు తక్కువ, అయినా నా ఓటు దానికే. ఎందుకో కింద చెబుతాను. లోపలికి వెళ్లేముందు బూట్ల మీద తొడుగులు వేసుకోమంటారు, నేలంతా పాతకాలపు చెక్క కాబట్టి. ఏదీ ముట్టుకోకూడదు, ఫ్లాష్ కొట్టకూడదు, తినుబండారాలు లోపలికి రానివ్వరు. మా అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కలేరు. కౌంటర్లో చెబితే లిఫ్ట్ దగ్గరికి ఒకావిడ దగ్గరుండి తీసుకెళ్లారు, ఎక్కడా విసుక్కోలేదు. ఆడియోలో తెలుగు ఉండదు కాబట్టి పెద్దవాళ్లకి మనమే చెప్పుకోవాలి. కథ ముందే తెలిసుంటే చెప్పడం తేలిక, ఈ రివ్యూ ఇంత పొడుగు అవడానికి అదీ ఒక కారణం.

ముందురోజు మేం ఒక బస్ టూర్ తీసుకున్నాం, కంపెనీ పేరు అనవసరం. ప్యాలెస్ గేటు ముందు ఫొటోలకి ఆపారు. మైకులో ఆ గైడ్ చెప్పిందల్లా, ఇక్కడ ఒక రాణి ఉండేది, ఆవిడ పదవి వదులుకుంది, తర్వాత హవాయి అమెరికాలో కలిసింది, ఇప్పుడు ఎదురుగా ఉన్న బంగారు విగ్రహం చూడండి, అంతే. బస్సులో నలభై మంది దాకా ఉన్నారు, చిన్నపిల్లలు కూడా ఉన్నారు, అందరూ అదే నిజమనుకుని దిగిపోయారు. నాకు నిజంగా కోపం వచ్చింది. ఒక దేశం పోయిన సంగతిని ట్రాఫిక్ సిగ్నల్ పడేలోపు అలా తేల్చేయకూడదు. డబ్బు తీసుకుని చెప్పేటప్పుడైతే అసలు తేల్చేయకూడదు.

ప్యాలెస్ టూర్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. మా గైడ్ కొంచెం వయసు పైబడ్డ ఆవిడ, గొంతు పెంచకుండా నిదానంగా చెబుతారు, ఏ ప్రశ్న అడిగినా దాటేయరు. కింద పెద్ద హాల్లో మొదలుపెడతారు. ఎదురుగా కోవా చెక్కతో చేసిన మెట్ల వరస, గోడల మీద హవాయి రాజుల, రాణుల చిత్రపటాలు. ఈ భవనం కట్టించింది రాజు కలాకౌవా. 1879 డిసెంబర్ 31న పునాదిరాయి వేశారు, 1882లో పూర్తయింది. ఫర్నిచర్ బోస్టన్ నుంచి తెప్పించారు. కొత్తది ఏది వచ్చినా తెలుసుకోవాలన్న ఆరాటం ఆ రాజుది. 1881లో ప్రపంచమంతా చుట్టివచ్చాడు, పదవిలో ఉండగా భూమిని చుట్టివచ్చిన మొట్టమొదటి రాజు ఆయనే. జపాన్, చైనా, సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) మీదుగా కలకత్తా వచ్చి, మన దేశం దాటి బొంబాయిలో ఓడ ఎక్కాడని తెలిసి మా అత్తయ్యగారు భలే సంతోషించారు. ఆ యాత్రలోనే న్యూయార్క్‌లో ఎడిసన్‌ని కలిశాడు. 1880ల చివరికల్లా ఈ ప్యాలెస్‌లో కరెంటు దీపాలు వెలిగాయి, అమెరికా అధ్యక్షుడి వైట్‌హౌస్‌కి కరెంటు వచ్చింది 1891లో. టెలిఫోన్ ఉంది, నీళ్లు వచ్చే బాత్‌రూమ్‌లు ఉన్నాయి. మా పిల్లలకు అన్నింటికంటే నచ్చింది ఆ బాత్‌రూమే.

ఇదంతా రాజుగారి దర్జా చూపించడానికి చెప్పే ముచ్చట అనుకోవద్దు. హవాయి అప్పటికి రాజ్యాంగం, పార్లమెంటు, విదేశాల్లో రాయబారులు, చాలా దేశాలతో ఒప్పందాలు ఉన్న స్వతంత్ర దేశం. అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్ అన్నీ గుర్తించిన దేశం. చేతగాని వాళ్ల దగ్గర నుంచి అమెరికా పాలన తీసుకుని బాగుచేసింది అనే వాదన తర్వాత చాలామంది చెప్పారు, ఆ హాల్లో నిలబడితే ఆ వాదన నిలబడదు.

మరి ఎక్కడ తేడా కొట్టింది? చక్కెర దగ్గర. గైడ్ ఇక్కడ నెమ్మదిగా వెళ్తారు, మీరూ నెమ్మదిగా వినండి. 1875లో హవాయికి, అమెరికాకి ఒక వర్తక ఒప్పందం కుదిరింది. హవాయి పంచదార సుంకం లేకుండా అమెరికాలో అమ్ముకోవచ్చు. పదిహేనేళ్లలో ఎగుమతి సుమారు పది రెట్లు పెరిగింది. తోటలన్నీ ఎక్కువగా తెల్లవాళ్లవి, వాళ్లలో 1820 నుంచి వచ్చి స్థిరపడిన అమెరికన్ మిషనరీల కొడుకులు, మనవలు చాలామంది. కూలీలు చైనా నుంచి, జపాన్ నుంచి, పోర్చుగీసు దీవుల నుంచి కాంట్రాక్టు మీద వచ్చినవాళ్లు. మన కోస్తా జిల్లాల నుంచి నాటాల్, మారిషస్ చెరకు తోటలకి ఓడలెక్కిన కాలమే అది. మరోపక్క దీవుల అసలు జనం బయటి నుంచి వచ్చిన రోగాలకి చచ్చిపోతూ వచ్చారు. కెప్టెన్ కుక్ వచ్చిన 1778లో లక్షల్లో ఉన్నవాళ్లు 1890 నాటికి, మిశ్రమ సంతానాన్ని కలుపుకున్నా, సుమారు 40 వేలకు పడిపోయారు. అమెరికన్లు సుమారు రెండు వేలమందే. కానీ డబ్బు, తోటలు, ఓడరేవు వ్యాపారం వాళ్ల చేతుల్లో.

1887 జూలైలో ఆ వర్గం, తమ సొంత తుపాకుల దళాన్ని వెనక పెట్టుకుని, రాజుతో బలవంతంగా కొత్త రాజ్యాంగం మీద సంతకం పెట్టించింది. బాయొనెట్ రాజ్యాంగం అని దానికి పేరు. రాజు అధికారాలు పోయాయి. ఆస్తి, ఆదాయం షరతులతో చాలామంది హవాయి వాళ్లకి ఎగువసభ ఓటు పోయింది, చైనా, జపాన్ వాళ్లకి ఓటే లేకుండా పోయింది, హవాయి పౌరులు కాని అమెరికన్లకి, యూరోపియన్లకి మాత్రం ఓటు వచ్చింది. అదే ఏడాది వర్తక ఒప్పందం పొడిగించారు, పొడిగించినందుకు అమెరికాకి ఇచ్చింది ఏమిటో తెలుసా, పెర్ల్ నది రేవు మీద ప్రత్యేక హక్కు. పెర్ల్ హార్బర్ అంటే అదే. ఆ ఒక్క ముక్క గైడ్ నోట విన్నప్పుడు మా గుంపులో చాలామంది ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. పొద్దున్నే పెర్ల్ హార్బర్ చూసి వచ్చినవాళ్లు కూడా ఉన్నారు అందులో.

మాది కడప వైపు. 1800లో నిజాం తన దగ్గర పెట్టుకున్న కంపెనీ సైన్యం ఖర్చుకి బదులుగా మా సీమని ఇంగ్లీషువాళ్లకి రాసిచ్చాడు, దత్తమండలాలు అన్న పేరు అలా వచ్చిందే. ముందు స్నేహ ఒప్పందం, తర్వాత రక్షణ పేరుతో సైన్యం, ఆఖరికి నేల. ఈ వరస చిన్నప్పుడే చదువుకున్నవాళ్లం కాబట్టి హవాయి కథ మనకి అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టదు.

ఎర్రటి అలంకరణతో ఉన్న సింహాసనం గది ఈ టూర్‌లో అన్నింటికంటే అందమైన గది, అన్నింటికంటే బాధపెట్టే గది కూడా. ఇక్కడ కలాకౌవా విందులు, నృత్యాలు జరిపించాడు. ఆయన 1891 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కోలో చనిపోతే చెల్లెలు లిలియువోకలానీ రాణి అయింది. అంతకుముందు ఏడాదే అమెరికాలో మెకిన్లీ టారిఫ్ అనే సుంకాల చట్టం వచ్చి అన్ని దేశాల చక్కెర మీద సుంకం ఎత్తేసింది, అమెరికాలో పండించేవాళ్లకి పౌనుకి 2 సెంట్ల బోనస్ ఇచ్చింది. హవాయి పంచదారకి ఉన్న లాభం ఒక్కసారిగా పోయింది. అమెరికాలో భాగమైపోతే ఆ గొడవే ఉండదు కదా అన్న మాట గట్టిగా లేచింది. తోటల యజమానులందరూ అలా అనుకోలేదు, అది కూడా చెప్పాలి. అమెరికా చట్టం వస్తే కాంట్రాక్టు కూలీలు దొరకరని భయపడ్డవాళ్లు ఉన్నారు, చక్కెర రాజుగా పేరున్న క్లాస్ స్ప్రెకెల్స్ విలీనానికి ఎదురే. ముందుకు తోసింది లోరిన్ థర్స్టన్ లాంటి లాయర్లు, వ్యాపారులు, వాళ్ల చుట్టూ చేరిన చిన్న గుంపు.

1893 జనవరి 14న రాణి కొత్త రాజ్యాంగం తేవాలనుకుంది, ప్రజల నుంచి అర్జీల మీద అర్జీలు వస్తున్నాయి కాబట్టి. దానికి ఎదురుగా థర్స్టన్ గుంపు నుంచి పదమూడు మందితో "రక్షణ సంఘం" పుట్టింది. 16న అమెరికా రాయబారి జాన్ స్టీవెన్స్ ఆదేశంతో యూఎస్‌ఎస్ బోస్టన్ నౌక నుంచి 162 మంది సైనికులు, నావికులు ఒడ్డుకి దిగారు. అమెరికన్ల ప్రాణాలకి, ఆస్తులకి రక్షణ అన్నారు. దిగినవాళ్లు మకాం వేసింది మాత్రం ప్యాలెస్‌కి, ఎదురుగా ఉన్న ప్రభుత్వ భవనానికి దగ్గర్లో. మర్నాడు ఆ సంఘం ప్రభుత్వాన్ని ప్రకటించుకుంది, శాన్‌ఫర్డ్ డోల్ అధ్యక్షుడు. స్టీవెన్స్ వెంటనే గుర్తింపు ఇచ్చేశాడు. రక్తపాతం వద్దనుకుని రాణి తప్పుకుంది, కానీ ఆవిడ రాసిన కాగితంలో లొంగింది ఆ పదమూడు మందికి కాదు, అమెరికా బలానికి అని స్పష్టంగా రాసింది, అమెరికా ప్రభుత్వం నిజాలు తెలుసుకుని తనని తిరిగి నిలబెట్టేవరకే అని కూడా రాసింది. బస్సు గైడ్ చెప్పిన "పదవి వదులుకుంది" వెనక ఉన్నది ఇది. (సూపర్‌మార్కెట్‌లో మనం కొనే డోల్ పైనాపిల్ డబ్బాల జేమ్స్ డోల్ ఈ శాన్‌ఫర్డ్ డోల్‌కి బంధువే, 1899లో వచ్చాడు, అంటే ఇదంతా అయ్యాక.)

ఇక్కడ గైడ్‌తో వెళ్లడం ఎందుకు మంచిదో చెబుతాను. ఆవిడ అమెరికాని ఒక్క రంగులో చూపించలేదు. అధ్యక్షుడు గ్రోవర్ క్లీవ్‌లండ్ పదవిలోకి రాగానే, డోల్ ప్రభుత్వంతో అంతకుముందే కుదిరిన విలీన ఒప్పందాన్ని సెనేట్ నుంచి వెనక్కి తీసుకున్నాడు, జేమ్స్ బ్లంట్‌ని విచారణకి పంపాడు, బ్లంట్ ప్రభుత్వ భవనం మీద ఎగరేసిన అమెరికా జెండా దింపించాడు, 1893 డిసెంబర్‌లో క్లీవ్‌లండ్ కాంగ్రెస్ ముందు జరిగింది తప్పేనని, అది యుద్ధచర్య అని చెప్పాడు. రాణిని తిరిగి కూర్చోబెట్టమని అడిగితే డోల్ కుదరదన్నాడు. క్లీవ్‌లండ్ ఆ తర్వాత సైన్యాన్ని పంపలేదు, విషయం కాంగ్రెస్‌కి వదిలేశాడు, కాంగ్రెస్ నానబెట్టింది. తప్పు జరిగిందని అధ్యక్షుడే ఒప్పుకున్నా ఆ తప్పు దిద్దలేకపోవడం, ఈ మొత్తం కథలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇదే. 1894 జూలై 4న, అమెరికా స్వాతంత్ర్య దినం రోజునే చూసుకుని, డోల్ మనుషులు హవాయి రిపబ్లిక్ ప్రకటించుకున్నారు.

1895 జనవరిలో రాణి మనుషులు తిరగబడి ఓడిపోయారు. తెలిసి కూడా చెప్పలేదన్న నేరం మీద రాణిని విచారించారు. ఎక్కడ? ఇదే సింహాసనం గదిలో. సైనిక న్యాయస్థానం పెట్టి, ఆవిడ గదిలోనే ఆవిడని ముద్దాయిగా నిలబెట్టారు. అయిదేళ్ల కఠిన శిక్ష, 5,000 డాలర్ల జరిమానా. తర్వాత కఠిన శిక్ష తగ్గించి పై అంతస్తులో ఒక గదిలో బంధించారు.

ఆ గదికి తీసుకెళ్తారు. కింద గదులు చూసి వచ్చాక ఇది ఖాళీగా అనిపిస్తుంది. కిటికీలు బయటికి కనపడకుండా తెల్లగా కప్పేసి ఉంటాయి. మధ్యలో అద్దాల పెట్టెలో ఒక బొంత. ఆవిడ, తోడుగా ఉన్న ఎవలిన్ విల్సన్ కలిసి ఈ గదిలో మొదలుపెట్టిన బొంత అది. పట్టు, మఖమల్ ముక్కలు, ఏ రెండూ ఒక ఆకారంలో ఉండవు, వంకరటింకరగా అతికి వాటి మీద రంగు దారాలతో పువ్వులు, పేర్లు, జెండాలు కుట్టారు. మధ్య చతురస్రంలో హవాయి జెండాలు, బంధించిన తేదీ, విడుదలైన తేదీ కూడా దారంతోనే రాసి ఉన్నాయి. దగ్గరికి వంగి చూస్తే కుట్లు ఒకచోట చాలా సన్నంగా, ఒకచోట పెద్దగా ఉన్నాయి, ఒకే చేతివి కావని తెలుస్తుంది. ఆవిడకి వార్తాపత్రికలు ఇవ్వనిచ్చేవారు కాదు, తోట నుంచి వచ్చే పువ్వుల్ని న్యూస్‌పేపర్లో చుట్టి పంపేవారు, అలా బయటి సంగతులు తెలిసేవి. మా అత్తయ్యగారు బొంతలు కుట్టిన మనిషి, ఆ పెట్టె దగ్గర నుంచి కదలలేదు, గైడ్ కూడా తొందరపెట్టలేదు. 1895 సెప్టెంబర్‌లో రాణిని ఆ గది నుంచి వదిలారు.

బేస్‌మెంట్ గ్యాలరీలో కిరీటాలు, పతకాలు, రాజవంశపు నగలు ఉన్నాయి. అన్ని ఫొటోల్లోనూ మెరిసే రాజుగారి కిరీటం మీది రాళ్లు 1893లో దోపిడీకి గురయ్యాయి, ఇప్పుడున్నవి తర్వాత పెట్టినవి. ప్యాలెస్ వస్తువులు వేలంలో అమ్మేశారు. దశాబ్దాలపాటు ఇదే ప్రభుత్వ కార్యాలయం, సింహాసనం గదిలో శాసనసభ కూర్చునేది, 1969 దాకా. ప్యాలెస్ మిత్రుల సంఘం ఒకటి ఏర్పడి, అమ్ముడుపోయిన కుర్చీలు, బల్లలు, గిన్నెలు ఒక్కోటి వెతికి వెనక్కి తెచ్చి 1978లో జనానికి తెరిచారు. ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నారట. ఆ పట్టుదలకి దండం పెట్టాలి. నా టికెట్ డబ్బు అందులోకి పోతుందంటే అసలు బాధే లేదు.

కాగితాల దగ్గర ఇంకొంచెం ఆగండి. 1897లో కొత్త అధ్యక్షుడు మెకిన్లీ (ఆ టారిఫ్ మెకిన్లీయే) మళ్లీ విలీన ఒప్పందం మీద సంతకం పెట్టించాడు. దానికి ఎదురుగా హవాయి వాళ్లు దీవి దీవికీ తిరిగి సంతకాలు సేకరించారు. 21 వేలకు పైగా సంతకాలు, 556 పేజీలు. మొత్తం హవాయి జాతి జనాభాయే 40 వేలు ఉన్న చోట అది. నలుగురు ప్రతినిధులు వాటిని వాషింగ్టన్‌కి మోసుకెళ్లారు, రాణి కూడా అప్పటికి అక్కడే ఉండి సెనేటర్లని కలుస్తోంది. సెనేట్‌లో కావాల్సిన మూడింట రెండొంతుల బలం రాలేదు, 46 మందే తేలారు, ఒప్పందం ఆగిపోయింది. ఆయుధం పట్టకుండా గెలిచారు వాళ్లు. అది ఎంతో గొప్ప సంగతి, పాఠ్యపుస్తకాల్లో రావాల్సింది. ఆ సంతకాల కట్ట దాదాపు వందేళ్లు అమెరికా జాతీయ పత్రాగారంలో ఎవరూ పట్టించుకోకుండా పడి ఉంది, 1996లో నోయెనోయె సిల్వా అనే హవాయి పరిశోధకురాలు బయటికి తీసింది. తమ తాతమ్మల సంతకాలు చూసుకుని జనం ఏడ్చారని చెప్పారు.

గెలిచింది కొన్ని నెలలే నిలబడింది. 1898 ఫిబ్రవరి 15న క్యూబాలోని హవానా రేవులో మెయిన్ అనే అమెరికా యుద్ధనౌక పేలింది, ఏప్రిల్‌లో స్పెయిన్‌తో యుద్ధం, మే 1న అమెరికా నౌకాదళ అధికారి డ్యూయీ ఫిలిప్పీన్స్‌లోని మనీలా దగ్గర స్పెయిన్ నౌకల్ని ముంచాడు. ఇక మనీలాకి సైన్యం పంపాలి. ఆ కాలపు ఓడలు బొగ్గుతో నడిచేవి, మధ్యలో బొగ్గు నింపుకోవడానికి రేవు కావాలి, హోనోలులు సరిగ్గా దారిలో ఉంది. ఒప్పందంగా గెలవలేనిదాన్ని మామూలు మెజారిటీ చాలే న్యూలాండ్స్ తీర్మానంగా రెండు సభల్లోనూ పెట్టి గెలిపించుకున్నారు, జూలై 7న మెకిన్లీ సంతకం చేశాడు. ఆగస్టు 12న ఈ ప్యాలెస్ ముందే హవాయి జెండా దించి అమెరికా జెండా ఎక్కించారు. హవాయి వాళ్లు ఎక్కువమంది ఇళ్లలోంచి బయటికి రాలేదు, రాణి రాలేదు.

ప్యాలెస్ తన కథ వరకే చెబుతుంది, చెప్పాల్సింది అదే. కానీ ఆ ఏడాది మిగతా సంగతి తెలిసి చూస్తే ఈ గదులు ఇంకా పెద్దవవుతాయి. ఆ ఏడాది డిసెంబర్ 10న పారిస్ ఒప్పందంలో పోర్టోరికో, గ్వాము అమెరికాకి వచ్చాయి, ఫిలిప్పీన్స్‌కి 2 కోట్ల డాలర్లు కట్టారు. ఫిలిప్పీన్స్ వాళ్లు జూన్ 12నే స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారు, వాళ్లని ఎవరూ అడగలేదు. 1899 ఫిబ్రవరి 4న అక్కడ యుద్ధం మొదలై 1902 దాకా సాగింది, 4,200 మంది దాకా అమెరికన్ సైనికులు, 20 వేల దాకా ఫిలిప్పీన్ సైనికులు చనిపోయారు, ఆకలికి, కలరాకి పోయిన మామూలు జనం లెక్క 2 లక్షల దాకా చెబుతారు. అమెరికాలోనే మార్క్ ట్వేన్, ఆండ్రూ కార్నెగీ లాంటివాళ్లు సామ్రాజ్యవాద వ్యతిరేక సంఘంలో చేరి ఇది మన గణతంత్రానికి తగదని అరిచారు. 1903లో పనామాలో జోక్యం, 1904లో లాటిన్ అమెరికా దేశాల్లో పోలీసుగా ఉంటామన్న థియొడోర్ రూజ్‌వెల్ట్ ప్రకటన, అదంతా ఆ దారిలోనిదే. 1901లో సుప్రీంకోర్టు, కొత్తగా వచ్చిన నేలల్లో రాజ్యాంగం మొత్తం దానంతటదే వర్తించదంది. ఇవాళ్టికీ గ్వాములో, పోర్టోరికోలో ఉండే అమెరికా పౌరులకి అధ్యక్షుడి ఎన్నికలో ఓటు లేదు. అమెరికా పాస్‌పోర్ట్ కోసం ఏళ్ల తరబడి లైన్లో ఉన్న మనవాళ్లం ఈ విషయం తెలుసుకోవాలి, పౌరసత్వంలోనూ మెట్లు ఉన్నాయని.

హవాయిలో జరిగింది తప్పని 1993లో అమెరికా కాంగ్రెస్ ఒప్పుకుంది కూడా, రాజ్యం కూలిన నూరేళ్లకి. క్లింటన్ సంతకం పెట్టిన ఆ క్షమాపణ తీర్మానంలో, హవాయి జాతి జనం తమ సార్వభౌమత్వాన్ని నేరుగా ఎప్పుడూ వదులుకోలేదని ఉంది. 18 లక్షల ఎకరాల రాజ్యపు భూముల ప్రస్తావన ఉంది, వెనక్కి ఇవ్వడం మాత్రం లేదు. భాష సంగతి మనకి ఇంకా దగ్గరగా తగులుతుంది. 1896లో బడుల్లో ఇంగ్లీషే బోధనా భాష అని చట్టం చేశారు, పిల్లల తరాలు సొంత భాష పోగొట్టుకున్నాయి, 1978లో గానీ హవాయి భాషకి రాష్ట్ర అధికార భాష హోదా రాలేదు. మా గైడ్ ప్రతి గది పేరూ ముందు హవాయి భాషలోనే చెప్పారు, మా పెద్దమ్మాయి వాటిని పలకడానికి ప్రయత్నిస్తే ఓపిగ్గా సరిచేశారు.

బయటికొచ్చాక వెంటనే కారెక్కొద్దు. పచ్చికలో మర్రిచెట్లు ఉన్నాయి, మన మర్రి జాతే, ఊడలు దిగి పెద్ద నీడ పరిచాయి, పెద్దవాళ్లు కూర్చోవచ్చు. వెనక్కి నడిస్తే రాష్ట్ర శాసనసభ భవనానికీ ప్యాలెస్‌కీ మధ్య రాణి విగ్రహం ఉంది, చాలా రోజులు దండలు వేసి ఉంటాయి. ఎదురు రోడ్డులో ఉన్న బంగారు రంగు విగ్రహం కమేహమేహా రాజుది. ఆసక్తి ఉంటే ఊళ్లోనే మెకిన్లీ హైస్కూల్‌లో మెకిన్లీ విగ్రహం కూడా చూడండి, చేతిలో "విలీన ఒప్పందం" అని రాసిన కాగితం పట్టుకుని ఉంటాడు. సెనేట్ ఆమోదించని ఒప్పందాన్ని చేతికి ఇచ్చి నిలబెట్టారు.

పిల్లల విషయం. ఎనిమిదేళ్ల పైబడినవాళ్లు ప్రశ్నలు అడుగుతూ బానే తిరుగుతారు, చిన్నవాళ్లకి గంట సేపు ఏదీ ముట్టుకోకుండా ఉండటం కష్టం, అలాంటప్పుడు ఇద్దరిలో ఒకరు ముందు, ఒకరు తర్వాత వెళ్లండి. గిఫ్ట్ షాపులో బొమ్మలు, టీషర్టుల కంటే పుస్తకాల అర బాగుంది.

నా రేటింగ్ ఐదుకి ఐదు. పెర్ల్ హార్బర్, ప్యాలెస్ రెండూ ఉంటే ప్యాలెస్ ముందురోజు పెట్టుకోండి, పెర్ల్ హార్బర్ తర్వాతిరోజు. రెండూ ఒకే రోజు ఇరికించొద్దు. గైడెడ్ టూర్ స్లాట్లు సెలవుల సీజన్‌లో త్వరగా అయిపోతాయి, విమానం టికెట్లు తీసుకున్న రోజే ఇవి కూడా బుక్ చేసేయండి.